సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల ఏం అడుగుతరు, ఎక్కడ తప్పుతం: తెలిసినోళ్లు లెక్కతోని చెప్పుర్రి

హంటర్‌రోడ్_పోరడు:
బీటెక్ ఆఖరి ఏడాది పోరగాళ్లకు ఒకటే గుబులు. ఎన్ని రౌండ్లుంటయ్, కోడింగ్‌ల ఏం చూస్తరు, తెలుగు మీడియంల చదివినోళ్లు ఇంగ్లిష్‌ల ఎట్ల నెట్టుకురావాలె, ఆఫర్ లెటర్ ఎట్ల చదవాలె. హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల, ఎక్కడోళ్లైనా సరే, తెలిసినంత రాయుర్రి. "కష్టపడితే అదే వస్తది తమ్మీ" అసొంటియి మాత్రం వద్దు. గవి ఇంట్ల రోజూ వింటనే ఉన్నం.

కాజీపేట_జంక్షన్:
ముందు ఏ రకం కంపెనీయో చూడు తమ్మీ. సర్వీస్ కంపెనీ (వేరే కంపెనీల పని చేసిపెట్టేది) అయితే మొదలు ఒకే సిట్టింగ్‌ల ఆప్టిట్యూడ్, రీజనింగ్, ఇంగ్లిష్, ఒకటో రెండో కోడింగ్ ప్రశ్నలు. అది దాటితే టెక్నికల్, హెచ్‌ఆర్. ఈ రెండూ ఒక్కోసారి ఒకే రోజు, ఒకే కుర్చీల అయిపోతయ్. ప్రొడక్ట్ కంపెనీ (సొంత సాఫ్ట్‌వేర్ చేసేది) అయితే 60 నుంచి 90 నిమిషాల ఆన్‌లైన్ టెస్టు, దాంట్ల రెండు మూడు కోడింగ్ ప్రశ్నలు. తర్వాత 45 నిమిషాలో గంటో ఉండే టెక్నికల్ రౌండ్లు రెండు నుంచి నాలుగు. మూడేండ్ల అనుభవం దాటినోళ్లకు సిస్టమ్ డిజైన్ రౌండు కలుస్తది. చివరికి మేనేజరు.

వీటన్నిటికన్న ముందు ఒక గడప ఉంటది. శానా కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్ల 60 శాతం అడుగుతయ్. జేఎన్టీయూహెచ్ పిల్లలు ఇక్కడ సీజీపీఏని ఉత్తగ పదితోని గుణించి రాస్తరు. అది తప్పు. 0.5 తీసేసి 10తోని గుణించాలె. అంటే 6.5 ఉంటేనే 60 శాతం. ఫారంల 65 అని రాసి, కాగితాలు చూసేటప్పుడు 60 తేలితే అది అబద్ధం కిందికే వస్తది. కాకతీయ యూనివర్సిటీ పిల్లలు తమ మెమోల ఉన్నదే చూసుకోవాలె, పక్క యూనివర్సిటీ సూత్రం పెట్టొద్దు.

మడికొండ ఐటీ పార్కుల కంపెనీలైనా, కరీంనగర్ ఐటీ టవర్‌ల కంపెనీలైనా ఇదే పద్ధతి. ఊర్ల ఉంది కదా అని ఇంటర్వ్యూ అల్కగ ఉండదు.

మానేరు_తీరం:
ఆన్‌లైన్ టెస్టు గురించి నేను రాస్తా. ఎక్కువమంది ప్రశ్న చదువుతారు, కింద ఇచ్చిన హద్దులు చదవరు. అసలు జవాబు ఆ హద్దుల్లోనే ఉంటుంది.

సెకనుకు సుమారు 10 కోట్ల చిన్న పనులు జరుగుతాయని లెక్క పెట్టుకోండి. ఎన్ (ఇన్‌పుట్‌లో ఎన్ని అంకెలు ఇస్తారో ఆ సంఖ్య) లక్ష వరకు ఉందంటే, లూప్‌లో లూప్ పెడితే 1000 కోట్ల పనులు. అంటే 100 సెకన్లు. మీకు ఇచ్చే టైము ఒకటో రెండో సెకన్లు. అదే సార్టింగ్ తరహాలో ఎన్ లాగ్ ఎన్ అయితే 17 లక్షల పనులతో తీరిపోతుంది. ఎన్ 5000 వరకే అని ఉంటే రెండు లూపులు నడుస్తాయి, రెండున్నర కోట్లే కాబట్టి. ఎన్ 20 లోపు అని ఇచ్చారంటే అన్ని ఉపసమితులూ ప్రయత్నించమని వాళ్లే చెప్పినట్టు, అవి పది లక్షల చిల్లర. పైథాన్ రాసేవాళ్లు ఈ 10 కోట్లను కోటికి తగ్గించుకోండి.

తర్వాత దెబ్బతినేది దాచిపెట్టిన టెస్ట్ కేసుల దగ్గర. కనిపించే మూడూ పచ్చగా వస్తాయి, దాచినవి ఎర్రగా మిగులుతాయి. ఖాళీ అర్రే (అంకెల వరుస), ఒక్కటే అంకె, అన్నీ ఒకే అంకె, అన్నీ మైనస్ అంకెలు. ఈ నాలుగూ ఎవరికి వాళ్లు పెట్టి చూసుకోవాలి. అయిదోది ఓవర్‌ఫ్లో, అంటే అంకె దానికిచ్చిన చోటులో పట్టక పొంగిపోవడం. లక్ష అంకెలు, ఒక్కొక్కటి లక్ష దాకా ఉంటే మొత్తం 1000 కోట్లు అవుతుంది. జావాలో ఇంట్ అనే అంకెల రకంలో పట్టేది 214 కోట్ల చిల్లరే. మొత్తాన్ని పెద్ద అంకెలు పట్టే లాంగ్‌లో పెట్టకపోతే జవాబు మైనస్‌లోకి తిరిగిపోవచ్చు. జావాలో పెద్ద ఇన్‌పుట్‌ను స్కానర్‌తో చదివితే లాజిక్ సరిగ్గా ఉన్నా టైము దాటొచ్చు, బఫర్డ్ రీడర్ వాడండి.

ఇంకో మాట. పూర్తిగా రాకపోయినా నెమ్మదిగా నడిచే జవాబు సబ్మిట్ చేయండి. చాలా ప్లాట్‌ఫారాల్లో పాసైన కేసులకు పాక్షిక మార్కులుంటాయి.

హంటర్‌రోడ్_పోరడు:
మంచిగ చెప్పిండ్రు అన్నా. మరి ఎదురుంగ మనిషి కూసున్నప్పుడు? గా 45 నిమిషాలల్ల అసలు వాళ్లు ఏం రాసుకుంటరు?

కాజీపేట_జంక్షన్:
ఒక ప్రశ్న పట్టుకొని చూద్దాం. "ఒక స్ట్రింగ్ ఇస్త, ఏ అక్షరం మల్ల రాకుంట ఉండే అన్నిట్లకన్న పొడుగు ముక్క ఎంతో చెప్పు." పాత ప్రశ్నే, ఇప్పటికీ అడుగుతరు.

మొదటి అయిదు నిమిషాలు కోడ్ ముట్టొద్దు. అక్షరాలు చిన్నయేనా, అంకెలు గిట్ల ఉంటయా, ఖాళీ స్ట్రింగ్ వస్తే సున్నా ఇయ్యాలెనా? అడుగు. ఒక ఉదాహరణ నువ్వే రాసి "గిదే కదా మీరడిగేది" అని ఖాయం చేసుకో. తర్వాత అయిదారు నిమిషాలు నోటితోని జవాబు: అన్ని ముక్కలూ తీసి చూస్తే ఎన్ క్యూబ్ అయితది, అది వద్దు, రెండు వేళ్లు పెట్టి కిటికీ లెక్క జరుపుకుంట పోత, ప్రతి అక్షరం ఆఖరుసారి ఎక్కడ కనబడ్డదో మ్యాప్ అనే పట్టికల పెడత, ఒక్క చుట్టుల అయిపోతది. ఆయన "సరే" అన్నంకనే రాయాలె. రాసుడికి 15 నుంచి 20 నిమిషాలు. మిగిలిన టైము నీ కోడ్‌ను నువ్వే చేత్తోని నడిపి చూపెట్టుడు.

ఆ చేత్తోని నడిపే కాడనే అసలు బాగోతం బయటపడతది. "కగగక" తీసుకో, స్థానాలు 0 నుంచి 3. స్థానం 2ల రెండో "గ" వచ్చింది, ఎడమ వేలు 2కు పోయింది. స్థానం 3ల "క" వచ్చింది. మ్యాప్ చూస్తే "క" 0ల ఉంది. ఆలోచించకుంట ఎడమ వేలును 0 + 1, అంటే 1కి పెడితే, ముందుకు పోయిన వేలు ఎనుకకు వచ్చినట్టు. కిటికీల "గగక" పడతది, పొడుగు 3 అని చెప్తది. సరైన జవాబు 2. ఎడమ వేలు ఇప్పుడున్న స్థానం, కొత్త స్థానం, రెండిట్ల పెద్దది తీసుకోవాలె. ఒక్క మ్యాక్స్ అంతే. చెప్పకముందే నువ్వే పట్టుకుంటే ఇంటర్వ్యూ చేసేటాయన ముఖం మారుతది. ఆయన చెప్పినంక దిద్దితే ఫర్వాలేదు. ఆయన చెప్పినా "లేదు సార్, కరెక్టే" అన్నవో, అయిపోయింది.

బైనరీ సెర్చ్‌ల (వరుసల పేర్చినదాన్ని సగం సగం చేసుకుంట ఎతుకుడు) సుత అట్లనే ఒకటుంది. నడిమి స్థానానికి లో, హై కలిపి రెండుతోని భాగిస్తే పెద్ద అర్రేలల్ల ఇంట్ పొంగిపోతది. లో + (హై − లో) / 2 అని రాయాలె. జావా సొంత లైబ్రరీలనే ఈ తప్పు ఏండ్లకేండ్లు ఉండి 2006ల అందరికీ తెలిసింది. కాబట్టి సిగ్గు పడే పని లేదు, తెలుసుకుంటే చాలు.

సర్వపిండి:
ముందే చేసిన ప్రశ్న వస్తే ఏం చెయ్యాలె? తెల్వనట్టు గడ్డం గోక్కోవాల్నా?

మానేరు_తీరం:
చెప్పేయాలి. "ఇది ఇంతకు ముందు చూశాను, కావాలంటే వేరేది ఇవ్వండి" అనాలి. చాలాసార్లు "పర్లేదు, చెయ్యి" అంటారు.

కాజీపేట_జంక్షన్:
నేనైతే దీనికి ఒప్పుకోను. ఇచ్చిన ప్రశ్న అచ్చం గదే అయితే చెప్పు. కానీ పేరు ఒకటే ఉండి లోపల షరతు మార్చి ఇస్తరు. "చూసిన" అనేసి పాత జవాబు దించితే రెండింతల నష్టం. ముందు షరతులు పూర్తిగ విను, గప్పుడు చెప్పాల్నో లేదో చూసుకో. గడ్డం గోకుడు మాత్రం దొరికిపోతది సర్వపిండీ. అయిదో సెకనుకే ఆఖరి జవాబు రాసి నడిమిట్ల ఆలోచించినట్టు నటిస్తే, దినాం నలుగురిని చూసేటోళ్లకు తెల్వదా?

పద్మాక్షి_గుట్ట:
అందరూ కోడింగ్ చుట్టే తిరుగుతున్నారు. ఫ్రెషర్లు ఎక్కువగా పోయేది ఎస్‌క్యూఎల్‌లోనూ (డేటాబేస్‌ను అడిగే భాష), సొంత ప్రాజెక్టు దగ్గరా.

ఎస్‌క్యూఎల్‌లో "రెండో ఎక్కువ జీతం" అందరూ బట్టీ పడతారు. వెంటనే వచ్చేది "ముగ్గురికి ఒకే పెద్ద జీతం ఉంటే?" అనే ప్రశ్న. ర్యాంక్ వాడితే 1, 1, 1 తర్వాత 4 వస్తుంది, రెండో ర్యాంకే ఉండదు. డెన్స్ ర్యాంక్ వాడాలి. ఇంకోటి నల్, అంటే విలువే లేని ఖాళీ గడి. "ఏ కోర్సూ తీసుకోని విద్యార్థులు" అంటే నాట్ ఇన్ రాస్తారు. లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఒక్క వరుసా రాదు, ఎందుకంటే నల్‌తో పోలిస్తే అవునూ కాదు, కాదూ కాదు. నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి. మూడోది, లెఫ్ట్ జాయిన్ రాసి కుడి టేబుల్ షరతును వేర్‌లో పెట్టడం. జత దొరకని వరుసలన్నీ అక్కడే రాలిపోతాయి, అది ఇన్నర్ జాయిన్ అయి కూర్చుంటుంది. ఆ షరతు ఆన్‌లో ఉండాలి.

జావా అంటే హ్యాష్‌మ్యాప్ (ఒక పేరుతో దాచి, ఆ పేరుతోనే వెతికి తీసుకునే పట్టిక) తప్పదు. మొదటి సైజు 16, లోడ్ ఫ్యాక్టర్ (ఎంత నిండితే పెంచాలనే హద్దు) 0.75, అంటే 13వది పడగానే 32కి పెరుగుతుంది. ఒకే బకెట్‌లో (పట్టికలోని ఒక గదిలో) 8 దాటితే, టేబుల్ కనీసం 64 ఉంటే, జావా 8 నుంచి ఆ వరుస చెట్టుగా మారుతుంది. ఈ అంకెలు చెప్పేసి ఆగకండి. "ఈక్వల్స్ మార్చి హ్యాష్‌కోడ్ మార్చకపోతే ఏమవుతుంది" అని అడుగుతారు. పెట్టిన వస్తువు ఉంటుంది కానీ వెతికితే దొరకదు, వేరే బకెట్‌లో వెతుకుతుంది కాబట్టి. కారణం చెప్పినవాళ్లకే మార్కు.

ఇక ప్రాజెక్టు. రెజ్యూమేలో రాసిన ప్రతి పదమూ ప్రశ్నే. నలుగురు కలిసి చేసిన ముఖ గుర్తింపు హాజరు ప్రాజెక్టులో "నువ్వు రాసిన ఫైలు ఏది, ఎన్ని ఫోటోలతో నేర్పారు, చీకట్లో తప్పితే ఏం చేశారు" అంటే నేల చూపులు. కొనుక్కున్న ప్రాజెక్టు రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది. పది టెక్నాలజీలు రాసేకన్నా నాలుగు రాసి, ఒక్కోదాని మీద పది నిమిషాలు మాట్లాడగలగాలి.

హంటర్‌రోడ్_పోరడు:
అక్కా, ఇంగ్లిష్ సంగతి? కోడ్ వచ్చినా నోరు పెగలది కొంతమందికి.

భద్రకాళి_చెరువు:
సర్వీస్ కంపెనీల హెచ్‌ఆర్ రౌండులో భాష చూస్తారు, నిజమే, అక్కడ కూడా వ్యాకరణం కన్నా ఎదుటివారికి అర్థమైందా అన్నదే. టెక్నికల్ రౌండులో యాస ఎవరికీ పట్టదు. అక్కడ దెబ్బతీసేది మౌనం. ఇరవై ముప్పై వాక్యాలు నాలుకకు అలవాటైతే చాలు. "కెన్ ఐ అస్యూమ్ ది ఇన్‌పుట్ ఈజ్ సార్టెడ్?", "లెట్ మీ థింక్ ఫర్ ఎ మినిట్", "ఐ విల్ స్టార్ట్ విత్ ది సింపుల్ అప్రోచ్", "దిస్ ఫెయిల్స్ వెన్ ది లిస్ట్ ఈజ్ ఎంప్టీ". ఇట్లాంటివి. రోజూ ఒక ప్రశ్న చేసేటప్పుడు ఫోనులో రికార్డు పెట్టి పైకి మాట్లాడుతూ చేయండి. మొదటి వారం వినబుద్ధి కాదు.

ఇంకో తిరకాసు మన మర్యాదలోనే ఉంది. మన నోట "మేం చేసినం", "టీమ్ అంతా చేసింది" అనే వస్తుంది, "నేను" అంటే గొప్పలు పోయినట్టుంటుందని. ఇంటర్వ్యూ చేసేవారికి కావలసింది మీ ఒక్కరి పని. గొడవ ఏమిటి, అందులో మీరు చేసింది ఏమిటి, చివరికి ఏమైంది. రెండు నిమిషాల్లో ముగియాలి. అలాంటివి నాలుగైదు ముందే రాసిపెట్టుకోండి. గడువు దాటిన పని, టీమ్‌లో తేడా వచ్చిన సందర్భం, మీ వల్ల జరిగిన తప్పు. తప్పేమీ చేయలేదనడం జవాబు కాదు.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్"లో నాన్నగారి ఉద్యోగం, హాబీలు వద్దు. చదువు ఒక వాక్యం, చేసిన పని రెండు వాక్యాలు, ఈ ఉద్యోగానికి దానితో ఏం సంబంధమో ఒకటి.

మానేరు_తీరం:
అనుభవం ఉన్నవాళ్ల కోసం డిజైన్ రౌండు గురించి కొంచెం. చిన్న లింకులు చేసే సర్వీసు అడిగారనుకోండి. బోర్డు మీద మొదటి నిమిషంలోనే కాఫ్కా, రెడిస్ లాంటి పెద్ద సిస్టమ్‌ల టూల్స్ డబ్బాలు గీసేవాళ్లు ఎక్కువ. ముందు లెక్క వేయాలి. రోజుకు 10 లక్షల కొత్త లింకులు అంటే, రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, సెకనుకు 12. ఒక్కో లింకును వందసార్లు తెరుస్తారనుకుంటే సెకనుకు 1200 చదవడాలు. ఒక్కో రికార్డు 500 బైట్లు అయితే రోజుకు 500 ఎంబీ, అయిదేళ్లకు 900 జీబీ పైచిలుకు. ఈ లెక్క చూశాక చెప్పండి, వంద సర్వర్లు ఎందుకు? ఒక మంచి డేటాబేస్, దాని కాపీ ఒకటి, ముందు ఒక క్యాష్ (తరచూ అడిగేవి దగ్గర ఉంచుకునే చోటు) సరిపోతాయి. అంకెలు, చిన్న పెద్ద అక్షరాలు కలిపి 62 గుర్తులు, ఏడు స్థానాలు పెడితే 3.5 లక్షల కోట్ల లింకులు, తరగవు.

అక్కడ అడిగే సన్న ప్రశ్న: దారి మళ్లించేటప్పుడు 301 (శాశ్వతంగా మారింది) ఇస్తావా, 302 (తాత్కాలికంగా) ఇస్తావా? 301 ఇస్తే బ్రౌజరు గుర్తుపెట్టుకుని తర్వాతిసారి మన దగ్గరికి రాకుండానే పోవచ్చు. సర్వర్ మీద భారం తగ్గుతుంది, కానీ క్లిక్కుల లెక్క పోతుంది. లెక్క కావాలంటే 302. దేనికోసం దేన్ని వదులుకుంటున్నావో చెప్పించడమే ఈ రౌండు పని.

సర్వపిండి:
నేను పెద్ద ముచ్చట్లు చెప్పలేను గానీ కరెంటు గురించి చెప్త. ఏప్రిల్, మే నెలల్ల సాయంత్రం గాలిదుమారం వచ్చిందంటే కరెంటు పోతది. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ మీద నడుస్తది, వైఫై రౌటర్ నడువది. శానా రౌటర్లు 12 వోల్టులయే, దానికి చిన్న యూపీఎస్ దొరుకుతది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టు, ఆంపియర్ ఎంతున్నదో చూసుకోవాలె. ఫోను హాట్‌స్పాట్ ముందురోజే ల్యాప్‌టాప్‌కు ఒకసారి కలిపి పెట్టుకోవాలె, పాస్‌వర్డ్ ఎతుక్కునేది ఇంటర్వ్యూ నడుమ కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం స్లాట్ తీసుకోకుర్రి, మైకులల్ల మీ జవాబు మీకే ఇనబడది.

పద్మాక్షి_గుట్ట:
దీనికి ఒకటి కలుపుతా. స్క్రీన్ షేర్ చేసేముందు వాట్సాప్ వెబ్ మూసేయండి. ప్రోక్టర్ (కెమెరాలో కనిపెట్టే కాపలా) ఉన్న టెస్టులో ట్యాబ్ మారితే లెక్కలోకి వెళ్తుంది. పక్కన ఏఐ తెరిచి చదివేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చూపు ఒకే పక్కకు పోతుంది, ప్రతి జవాబుకూ ముందు అయిదారు సెకన్ల ఆలస్యం, తర్వాత గుక్కతిప్పుకోకుండా పాఠం. "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది" అని ఒక్కటి అడిగితే ఆగిపోతారు. అందుకే కొన్ని కంపెనీలు మళ్లీ ఆఫీసుకు పిలుస్తున్నాయి.

కాజీపేట_జంక్షన్:
ఆఫీసుకు పిలిస్తే మనోళ్లు చేసే తప్పు ఇంకోటి. హన్మకొండ నుంచి బస్సుల పోయేటోళ్లు ఉప్పల్‌ల దిగాలె. ఎంజీబీఎస్ దాంక పోయి సిటీ బస్సు ఎక్కుడు దండుగ. ఉప్పల్ మెట్రో బ్లూ లైన్ మీదనే ఉంది, దిగకుంట హైటెక్ సిటీ, రాయదుర్గం దాంక సుమారు గంట. రైలుల పోతే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో సుత అదే లైను. పొద్దుగాల 10 గంటల ఇంటర్వ్యూకు పొద్దున్నే బయల్దేరుడు కష్టం. 11 తర్వాతి స్లాట్ అడగాలె, శానావరకు ఇస్తరు.

హంటర్‌రోడ్_పోరడు:
ఆఖరిది. ఆఫర్‌ల "6 లక్షలు" అని ఉంటే నెలకు 50 వేలు చేతికొస్తయని ఇంట్ల చెప్పేస్తున్నరు పోరగాళ్లు.

భద్రకాళి_చెరువు:
రావు. లెక్క చూడండి. నెలకు 50,000 అనుకుందాం. ఇందులో పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) అని ఉంటే 5,000 పక్కకు. అది ఏడాదికో ఆరు నెలలకో, అదీ పూర్తిగా వస్తుందని లేదు. బేసిక్ 20,000 అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 2,400, అది కూడా సీటీసీలోనే (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) కలుపుతారు. గ్రాట్యుటీ 4.81 శాతం, 962. మిగిలింది 41,638. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 2,400, తెలంగాణ వృత్తి పన్ను 200. చేతికి 39,038. ఈ జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడదు. ఆరోగ్య బీమా ప్రీమియం కూడా సీటీసీలో కలిపితే ఇంకా తగ్గుతుంది. అందుకే "ఫిక్స్‌డ్ ఎంత, నెలకు చేతికి ఎంత" అని ఆఫర్ మీద సంతకానికి ముందు మెయిల్‌లో అడగండి. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోరు.

బాండు (ఇంతకాలం మానేయనని రాసిచ్చేది) ఉంటే ఎన్ని నెలలు, మధ్యలో పోతే ఎంత కట్టాలి, ఆ మొత్తం నెలనెలా తగ్గుతుందా లేదా చదవండి. నోటీసు పీరియడ్ 90 రోజులుంటే తర్వాతి ఉద్యోగం వెతికేటప్పుడు అదే పెద్ద అడ్డం. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అక్కడ వదిలి రావద్దు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు.

సర్వపిండి:
మరి కన్సల్టెన్సీలోళ్లు "మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తం" అంటున్నరు?

భద్రకాళి_చెరువు:
పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ నంబరు ఉంటుంది. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఏ తేదీన మానేశారు అన్నీ అందులో కనిపిస్తాయి. వెరిఫికేషన్‌లో మొదట చూసేది అదే. చేరిన ఆరు నెలలకు దొరికినా తీసేస్తారు, అప్పుడు ఆ ఆరు నెలలు కూడా రెజ్యూమేలో రాసుకోలేని స్థితి.

హంటర్‌రోడ్_పోరడు:
ఒకసారి పోయినంక మల్ల అదే కంపెనీకి ఎప్పుడు పెట్టుకోవచ్చు?

కాజీపేట_జంక్షన్:
శానా చోట్ల ఆరు నెలలు, కొన్నిట్ల ఏడాది. ఆ మెయిల్‌లనే రాసి ఉంటది, లేకుంటే రిక్రూటర్‌ను అడుగు. పోయిన రోజు రాత్రే ఏమేం అడిగిండ్రో, ఎక్కడ ఆగినవో కాగితం మీద పెట్టుకో. వారం దాటితే యాదికుండదు. పాత దరఖాస్తు తేదీ, వాడిన మెయిల్ ఐడీ సుత గండ్లనే రాయి. వేరే మెయిల్‌తోని మల్ల పెడితే సిస్టమ్‌ల రెండు పేర్లు పడి రెండూ ఆగిపోవచ్చు.